విమానంలో అమ్మే తిండిని, పానీయాలను కొని రుచి చూడడం ఎలా?

శంషాబాదు నుంచి ఢిల్లీకి వెళ్ళే విమానంలో సీటు బెల్టు గుర్తు ఆరిన కొద్ది నిమిషాలకే నడవలో ట్రాలీ చక్రాల చప్పుడు వినిపిస్తుంది. ఆ ట్రాలీ మన వరుస దగ్గర ఆగినప్పుడు మనలో చాలామంది ధర చూసి తల అడ్డంగా ఊపుతారు, లేదా ఆకలికి తాళలేక కంటికి ముందు కనిపించిన శాండ్‌విచ్ తీసుకుని, సగం తిన్నాక చప్పగా ఉందని పక్కన పెట్టేస్తారు. తప్పు ఆ శాండ్‌విచ్‌ది మాత్రమే కాదు. ఆ ఎత్తులో ఏది రుచిస్తుందో, ఏది రుచించదో తెలియకుండా కొనడం వల్లనే సగం డబ్బు వృథా అవుతుంది. కొంచెం ముందుచూపుతో కొంటే ఆ కొద్దిపాటి మెనూ కార్డులోనే తినదగినవి, నిజంగా ఇష్టపడదగినవి కూడా దొరుకుతాయి. వాటిని ఎలా ఎంచుకోవాలో, ఎలా తినాలో వరుసగా చెబుతాను.

టికెట్టు కొన్న రోజే చేయవలసిన పని

మీరు ఎక్కబోయే విమానంలో తిండిని ఊరికే ఇస్తారా, అమ్ముతారా అన్నది ముందు తేల్చుకోవాలి. మన దేశంలో 2003లో ఎయిర్ డెక్కన్ మొదలైన తరువాత టికెట్టు ధరలో భోజనాన్ని కలపని పద్ధతి అలవాటైంది. ఇప్పుడు ఇండిగో, ఆకాసా ఎయిర్, స్పైస్‌జెట్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వంటి సంస్థలు సాధారణ తరగతిలో తిండిని అమ్ముతాయి, ఎయిర్ ఇండియా మాత్రం టికెట్టుతో పాటే ఇస్తుంది. అమ్మే సంస్థ అయితే దాని వెబ్‌సైటులో మెనూ తప్పకుండా ఉంటుంది. దానిని ఇంట్లో తీరికగా చదవండి, ఎందుకంటే ట్రాలీ వచ్చాక చదవడానికి మీకు దొరికేది అర నిమిషమే, మీ వెనుక ముప్పై వరుసల వారు ఎదురుచూస్తుంటారు.

వేడి భోజనం కావాలనుకుంటే ముందుగా బుక్ చేసుకోవడమే సరైన మార్గం. ట్రాలీలో ఏ రకం ఎన్ని పెట్టాలన్నది సంస్థ అంచనా వేసి పెడుతుంది కనుక, మీరు పాతిక దాటిన వరుసలో కూర్చుంటే బాగా అమ్ముడయ్యే వస్తువు మీ దాకా వచ్చేసరికి అయిపోతుంది. బుక్ చేసినది మాత్రం మీ సీటు నంబరు మీద విడిగా ఎక్కుతుంది, సాధారణంగా దానిని ముందే తెచ్చి ఇస్తారు, చాలాచోట్ల ధర కూడా కొంత తగ్గుతుంది. బుకింగు గడువు సంస్థను బట్టి కొన్ని గంటల ముందు నుంచి ఒక పూట లేదా రోజు ముందు వరకు మారుతుంది. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి నేను బుక్ చేసుకున్న భోజనం విమానంలోకి ఎక్కలేదు. సిబ్బంది రసీదు చూపమన్నారు, నా ఫోనులో అది ఈమెయిలు లోపల ఉంది, గాలిలో ఇంటర్నెట్ లేదు. చివరకు ఒక బిస్కెట్ల పొట్లంతో ఢిల్లీ చేరాను. అప్పటి నుంచి బుకింగు రసీదును స్క్రీన్‌షాట్ తీసి ఫోటోలలో పెట్టుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి.

ప్రయాణ సమయాన్ని కూడా అప్పుడే లెక్క వేసుకోవాలి. హైదరాబాదు నుంచి రాజమండ్రికి, కడపకు, తిరుపతికి వెళ్ళే చిన్న ఏటీఆర్ విమానాల్లో ఇద్దరే సిబ్బంది ఉంటారు, గాలిలో గడిపే సమయం గంటకు అటూ ఇటూ. ఎక్కడం, దిగడం పోగా వారికి మిగిలేది అరగంట కంటే ఎక్కువ కాదు. అంత తక్కువ సమయంలో వేడి నీళ్ళు పోసి నానబెట్టే పదార్థం అడగడం మీకూ వారికీ ఇబ్బందే. అక్కడ జీడిపప్పు, బిస్కెట్లు, పళ్ళరసం వంటి వాటితో సరిపెట్టుకోండి. వేడి తిండిని రెండు గంటలు దాటిన ప్రయాణానికే ఉంచుకోండి.

ఎక్కేముందు నేల మీద

నాలుగు రకాల చిల్లర నోట్లు, ఒక బ్యాంకు కార్డు రెండూ దగ్గర పెట్టుకోండి. యూపీఐకి అలవాటుపడిన చేతికి ఇది విచిత్రంగా అనిపించవచ్చు కానీ, గాలిలో సిగ్నల్ ఉండదు కనుక దానిని నమ్ముకుని ఎక్కకూడదు. కొన్ని సంస్థలు నగదు తీసుకుంటాయి, కొన్ని కార్డు మాత్రమే తీసుకుంటాయి. ఐదువందల నోటు ఇస్తే చిల్లర కోసం ట్రాలీ రెండోసారి వచ్చేదాకా ఎదురుచూడాల్సి రావచ్చు.

ఖాళీ నీళ్ళ సీసా ఒకటి వెంట తీసుకెళ్ళి, తనిఖీ దాటాక విమానాశ్రయంలోని మంచినీళ్ళ కుళాయి దగ్గర నింపుకోండి. దేశీయ విమానాల్లో అడిగితే కాగితపు గ్లాసులో నీళ్ళు ఊరికే ఇస్తారు, అయితే ఆ గ్లాసు చిన్నది, మీకు కావలసిన నీళ్ళు చాలా ఎక్కువ. ఎందుకో తరువాత చెబుతాను.

మరీ ఆకలితో ఎక్కవద్దు. ఆకలిగా ఉన్నవాడు రుచి చూడలేడు, కడుపు నింపుకుంటాడు. విమానాశ్రయంలో ధరలు మండిపోతాయన్న మాట నిజమే అయినా, కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో ప్రారంభించిన ఉడాన్ యాత్రీ కేఫ్‌లో టీ 10 రూపాయలు, సమోసా 20 రూపాయలు. ఆ తరువాత చెన్నైలోనూ అలాంటిదే పెట్టారు. మీరు ఎక్కే చోట అటువంటిది ఉంటే ఒక సమోసా తిని ఎక్కండి. ఇంటి నుంచి పులిహోరో, పెరుగన్నమో తెచ్చుకున్నా దేశీయ ప్రయాణంలో సాధారణంగా అభ్యంతరం చెప్పరు. కారప్పొడి, ఆవకాయ మాత్రం చేతి సంచిలో పెట్టుకోవద్దు, తనిఖీలో తీయించేస్తారు. వాటిని లోపలికి పంపే పెట్టెలోనే సర్దుకోవాలి. నేను చేసే చిన్న ఏర్పాటు ఏమిటంటే, ఇంట్లోనే ఒక నిమ్మకాయను సగానికి కోసి, ఆ చెక్కను చిన్న డబ్బాలో వేసుకుని వెళ్తాను. అది ఎందుకు పనికివస్తుందో ఉప్మా దగ్గర తెలుస్తుంది.

మీ నాలుకకు ఏమవుతుందో తెలుసుకోండి

విమానం ముప్పై ఐదు వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలి పీడనాన్ని ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తుకు సరిపోయేలా ఉంచుతారు. ఊటీ దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉంది, అంటే ఏడు వేల అడుగులు దాటి. కనుక మీరు విమానంలో తినడమంటే ఇంచుమించు ఊటీలో కూర్చుని తినడమే. తేడా ఏమిటంటే ఊటీలో పొగమంచు ఉంటుంది, ఇక్కడ గాలిలో తేమ ఇరవై శాతానికి లోపే ఉంటుంది. ముక్కు, నోరు ఎండిపోతాయి. రుచిలో పెద్ద భాగం వాసనే కనుక, ముక్కు ఎండితే వంటకం సగం చచ్చినట్టే. జలుబు చేసినప్పుడు చారు చప్పగా ఉన్నట్టు అనిపించడం మనకు తెలిసిందే కదా, ఇదీ అటువంటిదే.

జర్మనీలో లుఫ్తాన్సా విమాన సంస్థ కోసం ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు విమానపు ముక్క ఒకదానిని తక్కువ పీడనం ఉండే గదిలో పెట్టి, మనుషులను కూర్చోబెట్టి తినిపించి చూశారు. ఉప్పు, తీపి అక్కడ బాగా తగ్గినట్టు తేలింది. పులుపు, చేదు అంతగా మారలేదు. విమానాల్లో టమాటా రసం ఎందుకు అంతగా అడుగుతారన్న ప్రశ్నకు కూడా అక్కడే జవాబు దొరికింది: నేల మీద మట్టి వాసన వేసే ఆ రసం పైన తియ్యగా, తాజాగా అనిపిస్తుంది. 2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు మరో సంగతి కనిపెట్టారు. విమానం లోపలి హోరును, అంటే దాదాపు 85 డెసిబెల్స్ మోతను చెవుల్లో వినిపిస్తూ రుచి చూపిస్తే, తీపి తగ్గింది, టమాటాలోనూ పుట్టగొడుగుల్లోనూ ఉండే ఉమామి అనే కమ్మటి రుచి పెరిగింది. వంట మనిషి ఎంత నిపుణుడైనా ఆ మోతను తీసేయలేడు.

ఈ నాలుగు ముక్కలు గుర్తుంటే మెనూ కార్డు దానంతట అదే రెండుగా విడిపోతుంది. పులుపు, కారం, అల్లం, మిరియాలు, టమాటా ఉన్నవి ఒక వైపు; చప్పటి రొట్టె, జున్ను, కోసిన దోసకాయ ఉన్న శాండ్‌విచ్, సున్నితమైన తీపి ఉన్న కేకు మరొక వైపు. మొదటి వైపు నుంచే ఎంచుకోండి. మన తెలుగు నాలుకకు ఇది కలిసివచ్చిన అదృష్టం, ఎందుకంటే మన వంటలో రుచులను మోసేవి చింతపండు, మిరపకాయ, ఇంగువ, ఇవేవీ ఆ ఎత్తులో అంత తేలిగ్గా ఓడిపోవు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఉప్పు, తీపి నాలుకకు తక్కువగా తెలుస్తాయి తప్ప పొట్లంలో తగ్గవు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు నాలుకను నమ్మకుండా పొట్లం మీద ముద్రించిన ఉప్పు, చక్కెర లెక్కలు చదివి కొనాలి.

ట్రాలీ వచ్చాక: ఉప్మా పరీక్ష

కొన్ని చవక విమానాల్లో ఆహారాన్ని వేడి చేసే పొయ్యి ఉండదు, వేడి నీళ్ళు మాత్రమే ఉంటాయి. అందుకే ఉప్మా, పోహా, కప్పు నూడుల్స్ వాటి మెనూలో స్థిరంగా కనిపిస్తాయి. వీటిని చులకనగా చూడకండి. నా అభిప్రాయంలో దేశీయ విమానంలో కొనదగిన మొదటి వస్తువు ఉప్మా కప్పే, అది కూడా సరిగ్గా నానితేనే.

పైన చెప్పిన ఊటీ లెక్క ఇక్కడ మళ్ళీ వస్తుంది. ఆ పీడనం దగ్గర నీళ్ళు వంద డిగ్రీల దగ్గర కాదు, దాదాపు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. వేడి నీళ్ళ పాత్ర నుంచి కప్పులోకి, కప్పు మీ దగ్గరకు చేరేసరికి ఆ వేడి ఇంకా తగ్గుతుంది. కప్పు మీద రాసిన నిమిషాలు నేల మీద వంటింటి లెక్క కనుక, దానికి మరో రెండు మూడు నిమిషాలు కలపండి. సిబ్బంది మూత సగం చీల్చి, లోపలి గీత దాకా నీళ్ళు పోసి ఇస్తారు. అందుకోగానే మూతను మళ్ళీ గట్టిగా నొక్కి, కాగితపు రుమాలు చుట్టి రెండు చేతులతో పట్టుకోండి లేదా బల్ల మీద లోపలి వైపు పెట్టండి. నాలుగు నిమిషాలయ్యాక ఒకసారి మూత తీసి, చెంచాను అడుగు దాకా దించి కింది నుంచి పైకి తిప్పండి. ఎందుకంటే పైన రవ్వ మెత్తగా ఉబ్బి ఉన్నా, అడుగున ఒక పొర పొడిగా అలాగే మిగిలి ఉంటుంది. తిప్పకపోతే ఆఖరి నాలుగు చెంచాలు ఇసుక తిన్నట్టు ఉంటాయి. నల్లగా ఎండిపోయిన కరివేపాకు ముక్క నీళ్ళు పీల్చుకుని విప్పారుతూ కనిపిస్తే ఉప్మా తయారైందని నేను గుర్తు పెట్టుకుంటాను. అప్పుడు ఆ నిమ్మచెక్కను పిండండి. ఇంట్లో అయితే అంత పులుపు పిండితే పళ్ళు జివ్వుమంటాయి, అక్కడ అది చక్కగా సరిపోతుంది. నిమ్మకాయ లేకపోతే మిరియాల పొడి పొట్లం ఉందేమో అడగండి.

గాలి కుదుపులు ఉన్నప్పుడు వేడి నీళ్ళు ఇవ్వడానికి సిబ్బంది ఒప్పుకోరు. వారితో వాదించకండి, ఒళ్ళో మరిగే నీళ్ళు ఒలికితే జరిగే నష్టం వారు చూసే ఉంటారు. కుదుపులు ఆగిన తరువాత తెచ్చిపెట్టమని అడిగి, వేరే ఏదైనా ముందుగా తీసుకోండి.

నూడుల్స్ కూడా ఇదే పద్ధతి. నేల మీద ఉప్పు కషాయంలా అనిపించే ఆ పులుసు పైన ఆశ్చర్యంగా బాగుంటుంది, అయితే దాని వెంట ఒక పూర్తి గ్లాసు నీళ్ళు తాగాలి.

ఉబ్బిన మూతల సంగతి

పీడనం తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది. నేల మీద మూసిన చిప్స్ పొట్లం అక్కడ బెలూనులా బిగుసుకుని ఉంటుంది. మన కడుపులోని గాలి కూడా సరిగ్గా అదే పని చేస్తుంది కనుక, సోడా పానీయాలు, రాజ్మా, శనగలు ప్రయాణం రోజున తగ్గించుకోవడం మంచిది. రెండేళ్ళ కిందట విశాఖపట్నం నుంచి వస్తూ నేను మజ్జిగ, పెరుగు వంటి చల్లటివే కడుపుకు హాయి అనుకుని పెరుగు కప్పు కొన్నాను. దాని రేకు మూత గోపురంలా ఉబ్బి ఉంది. నేను గమనించకుండా మూతను నా వైపు నుంచి అవతలికి లాగాను. పెరుగు చుక్కలు వరుసగా పక్క సీటులోని పెద్దాయన తెల్లచొక్కా మీద పడ్డాయి. ఆయన ఏమీ అనలేదు, దిగేదాకా కిటికీలోంచి బయటికే చూశారు. కనుక మూత ఉబ్బిన ఏ కప్పునైనా ముందు చెంచా కొనతో ఒక మూల చిన్న రంధ్రం చేసి గాలి వదిలించండి, ఆ తరువాత మూతను మీ వైపుకే లాగండి. చిప్స్ పొట్లాన్ని కూడా పైన గట్టిగా చీల్చకుండా, మూల దగ్గర కొద్దిగా చింపితే సరిపోతుంది.

తాగేవి

ముందు నీళ్ళు. ఏది తినేముందైనా రెండు గుక్కలు తాగి నోరు తడుపుకుంటే రుచి తెలుస్తుంది. ఎండిన నాలుక మీద ఏదీ కరగదు. తరువాత టీ. వంద రూపాయలకు అటూ ఇటూ పెట్టి టీ కొనాలా అంటే, పొడి సంచీ వేడి నీళ్ళలో ముంచే రకం అయితే వద్దంటాను, ఎందుకంటే ఆ తక్కువ వేడికి ఆకు సారం సగమే దిగుతుంది. తప్పదనుకుంటే మూత పెట్టి నాలుగైదు నిమిషాలు కదపకుండా ఉంచండి. అల్లం, యాలకులు కలిపిన పొడి టీ అయితే కొనవచ్చు, ఆ ఘాటు ఎండిన ముక్కుకు కూడా అందుతుంది. ఫిల్టరు కాఫీ తాగి పెరిగినవారు మాత్రం విమానంలో కాఫీ అన్న మాటను ఆ రెండు గంటలు మరచిపోవడం ఆరోగ్యకరం. టమాటా రసం మెనూలో కనిపిస్తే తప్పక తీసుకుని, మిరియాల పొడి చల్లి చూడండి. నేల మీద దానిని ముట్టని నేను పైన రెండు గ్లాసులు తాగాను.

దేశీయ విమానాల్లో మద్యం అమ్మరు. అంతర్జాతీయ విమానాల్లో దొరుకుతుంది, కానీ మీరు వెంట తెచ్చుకున్న సీసాను తెరవడానికి వీలులేదు, సిబ్బంది చేతి నుంచి వచ్చినదే తాగాలి. ఆ పొడి గాలిలో అది నోటిని మరింత ఎండబెడుతుందని గుర్తుంచుకుని, ప్రతి గ్లాసుకు అంతే నీళ్ళు తాగండి.

విదేశీ చవక విమానాల్లో కొంచెం జాగ్రత్త

సింగపూరుకు స్కూట్‌లోనూ, కౌలాలంపూరుకు ఎయిర్ ఏషియాలోనూ వెళ్ళేవారు పద్ధతి మార్చుకోవాలి. ప్రయాణం నాలుగు గంటలకు అటూ ఇటూ ఉంటుంది, నీళ్ళను కూడా కొనాల్సి రావచ్చు, బయటి తిండిని లోపల తినడానికి ఒప్పుకోని సంస్థలు కూడా ఉన్నాయి. నిబంధనలు ముందే చదువుకోండి. ధరలు కూడా ఆ దేశాల కరెన్సీలో ఉంటాయి కనుక విదేశాల్లో పనిచేసే కార్డు అవసరం.

ఆ మార్గంలో ఒక్కటి మాత్రమే ప్రయత్నించాలంటే నాసి లెమాక్ అనే మలేషియా వంటకాన్ని ప్రయత్నించండి. ఎయిర్ ఏషియా తన విమానాల తిండికే నేల మీద గిరాకీ ఉందని చూసి, 2019 డిసెంబరులో కౌలాలంపూరులో సాంతన్ పేరుతో హోటలు తెరిచింది. కొబ్బరి పాలలో వండిన అన్నం, ఎర్రటి మిరప ముద్ద, వేయించిన వేరుశనగలు, గుడ్డు, ఎండు నెత్తళ్ళు నాసి లెమాక్‌లో ఉంటాయి. కోస్తా వారికి ఎండు నెత్తళ్ళ రుచి కొత్తది కాదు. కారం, ఉప్పు చేప, కొబ్బరి ఒకేసారి నాలుకకు తగులుతాయి కనుక ఆ ఎత్తులో ఇంతకంటే నిలబడే వంటకం నాకు కనిపించలేదు. కాకపోతే అన్నంలో మిరప ముద్దను మొత్తం ఒకేసారి కలపకండి, అది తియ్యగా మొదలై ఆలస్యంగా మండుతుంది. శాకాహారులు ఇంకో సంగతి గమనించాలి: ఆ మిరప ముద్దలో సాధారణంగా రొయ్యల ముద్ద వేస్తారు. గుడ్డు, చేప పక్కకు తీసి తింటే శాకాహారమైపోదు. వారు శాకాహార భోజనాన్ని పేరు చెప్పి ముందే బుక్ చేసుకోవాలి. మన దేశంలో కొన్న పొట్లాల మీదైతే ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూస్తే చాలు. వేరుశనగలు, జీడిపప్పు పడనివారు విమానం ఎక్కగానే సిబ్బందికి ఆ మాట చెప్పాలి, మందు చేతికందే చోట ఉంచుకోవాలి.

దిగేముందు

దిగడానికి ఇంకా అరగంట ఉందనగా సిబ్బంది చెత్త సంచితో వస్తారు, బల్లలు మడవమంటారు. వేడి పదార్థాన్ని ఆ సమయానికి కనీసం నలభై నిమిషాల ముందు చేతికి తీసుకుని ఉండాలి, లేకపోతే సగం నానిన ఉప్మాను సంచిలో పడేయాల్సి వస్తుంది. ఖాళీ కప్పులను ఒకదానిలో ఒకటి పెట్టి ఇవ్వండి, సీటు జేబులో కుక్కవద్దు. బిల్లు అడిగి తీసుకోండి. దాని వెనుక ఏది బాగుందో, ఏది బాగా లేదో రెండు మాటలు రాసుకుంటే తరువాతి ప్రయాణానికి పనికివస్తుంది.

ఉప్పు జీడిపప్పు డబ్బా కొని ఉంటే దానిని పూర్తిగా తినకండి. సగం మిగిల్చి మూత పెట్టి సంచిలో వేసుకోండి. ఇంటికి వెళ్తూ టాక్సీలో కూర్చున్నాక రెండు పలుకులు నోట్లో వేసుకుని చూడండి. పైన చప్పగా అనిపించిన ఆ పప్పులో ఎంత ఉప్పు ఉందో అప్పుడు తెలుస్తుంది.